తిరుగు వేళ: వశిష్ఠ మొగలో ఒక 28 అడుగుల ఫైబర్ బోటు

ఫిబ్రవరి చివర, అమావాస్య మరునాడు, మధ్యాహ్నం ఒకటిన్నర గంటకు అంతర్వేది దగ్గర, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగలో ఒక 28 అడుగుల ఫైబర్ బోటు ఇంజిన్ ఆగి, అడ్డం తిరిగి, రెండు కెరటాల నీళ్లు మింగింది. అందులో ఉన్న నలుగురూ క్షేమంగా ఇల్లు చేరారు. ఒక వల, ఐస్ పెట్టె మూత, ఆ రోజు పట్టిన చేపల్లో సగం సముద్రం పాలయ్యాయి. నాలుగు రోజుల తరువాత యజమాని నాకు ఫోను చేశారు కానీ అడిగింది ప్రమాదం గురించి కాదు, ఇప్పుడున్న 9.9 హార్స్‌పవర్ ఇంజిన్ తీసేసి 25 హార్స్‌పవర్‌ది బిగిస్తే బోటు తట్టుకుంటుందా అని అడిగారు. చిన్న బోట్ల భద్రత మీద తీర గ్రామాల్లో శిక్షణ ఇవ్వడం, అడిగినవాళ్ల బోట్లను పరీక్షించి చెప్పడం నా పని. ఇంజిన్ సంగతి తరువాత చూద్దాం, ముందు బోటునూ ఆ రోజు అందులో ఉన్నవాళ్లనూ చూడాలని చెప్పి వెళ్లాను. మూడు వారాల పాటు సాగిన ఆ పనిని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

బోటూ మనుషులూ

బోటు పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, వెడల్పు రెండు మీటర్లు. పైకప్పు లేదు, ముందు భాగంలో మాత్రం పైన మూసినట్టు నాలుగడుగుల అట్టు ఉంది. ఇంజిన్ బిగించడానికి వెనుక గోడను కిందికి కోసి ఉంచారు. మన తీరంలో ఇలాంటి బోట్లు వేల సంఖ్యలో తిరుగుతున్నాయి, ఇందులో ప్రత్యేకత ఏమీ లేదు. యజమాని గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చి, పొదుపు చేసిన డబ్బుతో దీన్ని కొన్నారు. బోటు నడిపే సరంగుకు అరవై దగ్గర పడుతున్నాయి. నదిలోనూ సముద్రంలోనూ కలిపి నలభై ఏళ్ల అనుభవం. ఇద్దరికీ చుట్టరికం లేకపోయినా యజమాని ఆయన్ను బాబాయ్ అనే పిలుస్తారు. మిగిలిన ఇద్దరు కళాసీల్లో ఒకరు సరంగు మేనల్లుడు.

నలుగురితోనూ విడివిడిగా మాట్లాడాను. కలిపి కూర్చోబెడితే పెద్దాయన చెప్పిందే అందరూ చెబుతారు, లేదా డబ్బు పెట్టినవారి మాటకే తలూపుతారు. విడిగా అడిగితే నాలుగు కథలు వస్తాయి. ఆ నాలుగూ ఎక్కడ కలుస్తున్నాయో అక్కడ నిజం ఉంటుంది. ఈ కేసులో నలుగురూ చెప్పిన ఒకే ఒక మాట, మొగ బయట ఆగినప్పుడు సరంగు అన్న మాట: "పాటు గట్టిగా ఉంది బాబూ, కాసేపు ఆగుదాం." పాటు అంటే నీరు సముద్రంలోకి తిరిగి లాగే వేళ, పోటు అంటే ఎక్కే వేళ. సరంగు మాటకు యజమాని, రేవులో కొనుగోలుదారు బండి రెండున్నరకు వెళ్లిపోతుంది బాబాయ్, ఐస్ కూడా కరిగిపోయింది అన్నారు. సరంగు మరో మాట మాట్లాడలేదు. ఎందుకు ఊరుకున్నారని అడిగాను. "బోటు ఆయనదండీ" అన్నారు.

మొగ స్వభావం

ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠలుగా చీలిన గోదావరి, వశిష్ఠ నుంచి వైనతేయ కూడా విడిపోయాక, డెల్టా అంచున పలుచోట్ల సముద్రంలో కలుస్తుంది. వైనతేయ ఓడలరేవు దగ్గర, వశిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద ఇసుకను సముద్రంలోకి తోస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడేసరికి దిగువకు పది లక్షల క్యూసెక్కుల నీరు పోతూ ఉంటుంది. వరద తగ్గాక నదిలో తోసే బలం ఉండదు. అప్పుడు అలలు ఆ ఇసుకను వెనక్కి తెచ్చి మొగకు అడ్డంగా మేట వేస్తాయి. మేటల మధ్య లోతైన దారి ఉంటుంది గానీ అది స్థిరంగా ఉండదు. యజమాని ఫోనులోని జీపీఎస్ దారి నవంబరులో నమోదు చేసుకున్నది. ఫిబ్రవరిలో ఆ గీత మీదే నడిపారు. నేను వెళ్లినప్పుడు సీసపు గుండు కట్టిన తాడుతో లోతు కొలిపించాను. ఆ గీత ఒకచోట కచ్చితంగా మేట మీదుగా పోతోంది. పాటు పూర్తిగా దిగినప్పుడు అక్కడ లోతు బారెడు కూడా లేదు, మీటరున్నర మాత్రమే ఉంది.

ఈ మీటరున్నర ఎందుకు ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పాలి. లోతైన నీటిలో అల కిందనుంచి జారిపోతుంది, బోటును ఎత్తి దించుతుంది, అంతే. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గినప్పుడు అల విరుగుతుంది. అంటే మీటరు ఎత్తు అల 1.3 మీటర్ల లోతులో విరిగిపడుతుంది; మీటరున్నర లోతు మేట మీద 1.2 మీటర్ల అల చాలు. వాతావరణ సూచనలో "అలల ఎత్తు ఒక మీటరు" అని ఉంటే అది అన్నిటికంటే పెద్ద అల ఎత్తు కాదు, అలలన్నిటిలో అతి పెద్దవైన మూడో వంతుకు తీసిన సగటు. అదే సముద్రంలో అప్పుడప్పుడు దానికి దాదాపు రెట్టింపు ఎత్తున్న అల కూడా వస్తుంది. దీనికి పాటు తోడైందనుకోండి: నది నీరు సముద్రం వైపు పరుగెడుతుంటే, ఎదురుగా వచ్చే అల పొడవు తగ్గి నిటారుగా లేస్తుంది. ఫిబ్రవరి మధ్యాహ్నాల్లో దక్షిణపు సముద్రగాలి కూడా బలపడి, సరిగ్గా ఆ పాటుకు ఎదురు నిలుస్తుంది. గట్టు మీద నిలబడి చూసేవాడికి తెల్లటి నురగ మాత్రమే కనిపిస్తుంది. సముద్రం వైపు నుంచి వచ్చేవాడికి ఎక్కువగా అల వీపులే కనిపిస్తాయి, అవి చాలావరకు నున్నగానే ఉంటాయి. బయటి నుంచి చూసి మొగ బాగానే ఉందనుకోవడం ఇందువల్లే జరుగుతుంది.

ఆ రోజు ఒకటిన్నర గంట

ఆ రోజు ఉదయం 9 గంటల ప్రాంతంలో పోటు నిండింది. మధ్యాహ్నం 3 గంటలకు పాటు పూర్తయింది. ఒకటిన్నర అంటే పాటు ఇంకా బలంగా లాగుతున్న సమయం, మేట మీద లోతు తగ్గిపోయిన సమయం, గాలి లేచిన సమయం, మూడూ ఒకేసారి. తెల్లవారుజామున 4 గంటలకు వెళ్లేటప్పుడు ఇదే మొగ చెరువులా ఉంది, ఎందుకంటే అప్పుడే పోటు ఎక్కడం మొదలైంది, గాలి లేదు.

మొగ బయట ఆగినప్పుడు మొదటి పెట్రోలు ట్యాంకు అడుగంటింది కాబట్టి కళాసీ గొట్టాన్ని రెండో ట్యాంకుకు మార్చాడు. లోపలికి బయలుదేరి రెండు వందల మీటర్లు వచ్చేసరికి ఇంజిన్ గొంతు మారి, దగ్గి, ఆగిపోయింది. వేగం పోయిన బోటును వెనుక నుంచి వచ్చిన కెరటం అందుకుని, కోసి ఉంచిన గోడ మీదుగా లోపలికి దూకింది. ఆ బరువుకు బోటు అడ్డం తిరిగింది. రెండో కెరటం పక్క నుంచి వచ్చింది. సరంగు, మేనల్లుడు కలిసి పొడవాటి తెడ్డుతో బోటు ముక్కును సముద్రం వైపు తిప్పగలిగారు. ఆ తరువాత వాళ్లను కాపాడింది పాటే. ఏ పాటు ఆ కెరటాలను నిలబెట్టిందో అదే బోటును విరిగే అలల నుంచి బయటికి ఈడ్చుకుపోయింది.

ఇక్కడ లంగరు గురించి ఒక మాట. లంగరు వలల కింద ఉండిపోయింది, వెంటనే దొరకలేదు. అందుకు యజమాని తనను తాను నిందించుకున్నారు. లంగరు చేతికి అందేచోట ఉండాలన్నది నిజమే గానీ, ఆ స్థలంలో ఆ క్షణంలో అది దొరక్కపోవడమే మేలైంది. పాటు బలంగా ఉన్న మొగలో ముక్కు నుంచి లంగరు వేస్తే బోటు ప్రవాహానికి ఎదురుగా, అంటే నది వైపు ముఖం పెట్టి నిలుస్తుంది. అప్పుడు వెనుక గోడ అలలకు అప్పజెప్పినట్లవుతుంది. వాళ్లు లంగరు వేసింది బయటికి కొట్టుకుపోయాక, ప్రవాహం నెమ్మదించిన ఐదు మీటర్ల లోతులో. తాడు పదిహేను మీటర్లే, గొలుసు లేదు. అందుకే చాలాసేపు ఇసుకలో ఈడ్చుకుంటూ పోయాక గానీ పట్టలేదు. లోతుకు కనీసం ఐదు రెట్ల తాడు, వీలైతే ఏడు రెట్లు, చివర మూడు మీటర్ల గొలుసు ఉంటే లంగరు పడుకుని ఇసుకను తవ్వుతుంది. నిటారుగా లాగితే గీసుకుంటూ పోతుంది.

నీళ్లు తోడడం రెండు ప్లాస్టిక్ బొక్కెనలతో సాగింది. ఆ బోటు అడుగున పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే ఏడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు చొప్పున వెయ్యి లీటర్లు దాటుతుంది, అంటే టన్ను. పైగా అది కదలకుండా ఉండే టన్ను కాదు; బోటు ఎటు ఒరిగితే అటే పోయి ఇంకా ఒరిగేలా చేస్తుంది. పది లీటర్ల బొక్కెనతో నిమిషానికి పదిహేను సార్లు తోడినా ఒక్కరికి ఏడు నిమిషాలు పడుతుంది, భయపడ్డ మనిషి ఆ ఏడు నిమిషాలు అంత వేగంగానే తోడతాడు కూడా. వాళ్ల బోటులో ఉన్నది దీనికి రెట్టింపుకు పైగా నీరు. ఐదు గంటలకు, పోటు ఎక్కుతుండగా, వేరే ఊరి బోటు ఒకటి వీళ్లకు మోకు అందించి లోపలికి లాక్కువచ్చింది.

ఇంజిన్ ఎందుకు ఆగింది

ఇంజిన్లో నీరు పోయిందనీ, పెట్రోలు కల్తీ అనీ రేవులో అప్పటికే రెండు తీర్పులు వచ్చేశాయి. ఇంజిన్ విప్పకముందే నేను రెండో ట్యాంకు అడిగాను. అది ప్రమాదం తరువాత ఎవరూ ముట్టుకోకుండా యజమాని ఇంటి వెనుక కొబ్బరి చెట్టు కింద ఉంది. మూత మీద ఒక చిన్న మర ఉంటుంది. ట్యాంకును బండి మీద తెచ్చేటప్పుడు పెట్రోలు ఒలకకుండా దాన్ని బిగిస్తారు, ఇంజిన్ నడిచేటప్పుడు విప్పుతారు, లోపలికి గాలి పోవడానికి. అది బిగించే ఉంది. గొట్టం తగిలించి ఇంజిన్‌ను నీళ్ల డ్రమ్ములో నడిపించాం. నెమ్మదిగా ఉన్నంతసేపు బాగానే నడిచింది. వేగం పెంచి కొన్ని నిమిషాలు కాగానే గొట్టం మధ్యలో ఉండే చేతిపంపు రబ్బరు బంతి, ఎండిన మామిడి టెంకలా లోపలికి పీల్చుకుపోయింది. ఇంజిన్ దగ్గి ఆగింది. మర రెండు చుట్లు విప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది, బంతి ఉబ్బింది. కళాసీ కుర్రాడు తల పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

తప్పు ఆ కుర్రాడిది అని రాసి ఈ అధ్యాయం ముగించవచ్చు. నేను అలా రాయను. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ కాబట్టి మర బిగించి ఉంటే లోపల పీల్పు త్వరగా ఏర్పడుతుంది. ఇది తెలిసినవాడికైనా మొగ ముందు, అటూ ఇటూ ఊగుతున్న బోటులో, తొందరపెడుతున్న యజమాని పక్కన ఉండగా గుర్తుండకపోవచ్చు. ట్యాంకు మార్చడానికి అది చోటు కాదు. ఇప్పుడు వాళ్ల పద్ధతి ఏమిటంటే, మొగకు ఐదు కిలోమీటర్ల ముందే నిండు ట్యాంకుకు మార్చి, దాని మీదే పూర్తి వేగంతో పావుగంట నడిపి చూశాకే మొగ దగ్గరకు వస్తారు. ఇంజిన్ ఆగేదుంటే లోతైన నీటిలోనే ఆగుతుంది.

పెట్రోలు లెక్క వాళ్లది ముందే సరిగ్గా ఉంది: పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, అనుకోని దానికి ఒక వంతు. 22 కిలోమీటర్ల దూరానికి బరువుతో రెండు గంటల ప్రయాణం, గంటకు మూడు నాలుగు లీటర్లు. దీని మీద ఎక్కువ రాయాల్సింది లేదు.

రేవులో బరువుల పరీక్ష

నాకు అన్నిటికంటే ఎక్కువ తెలిసింది రేవులో, కదలని నీటిలో చేసిన ఈ పరీక్షలోనే. ఒక కర్రబద్ద మీద సెంటీమీటర్లు గీసి, వెనుక కోసిన గోడ అంచు నుంచి నీటి దాకా ఎంత ఎత్తు ఉందో కొలిచాం. ఇంజిన్ మాత్రమే ఉన్న ఖాళీ బోటుకు 36 సెంటీమీటర్లు. తరువాత ఆ రోజు ఎలా ఉన్నాయో అలాగే సర్దించాను: తడిసిన వలల కుప్ప వెనుక, ఐస్ పెట్టె వెనుక, రెండు ట్యాంకులు వెనుక, సరంగు వెనుక, చేపలకు బదులు ఇసుక సంచులు. బద్ద మీద 21 వచ్చింది. జానెడు కూడా లేదు. వెనుక నుంచి వచ్చే కెరటానికీ నలుగురి ప్రాణాలకూ మధ్య ఉన్న గోడ అంతే.

బరువు మొత్తం ఒక్క కిలో తగ్గించకుండా, ఐస్ పెట్టెను మూడు మీటర్లు ముందుకు, వలలను బోటు మధ్యకు జరిపించాం. బద్ద 29 చూపించింది. ఈ పొడవు బోటుకు వంద కిలోలు అదనంగా వేస్తే మొత్తం బోటు ఒక సెంటీమీటరే దిగుతుంది; కానీ అదే బరువు వెనుక మూలకు పెడితే వెనుక గోడ అంతకు ఎన్నో రెట్లు దిగుతుంది. ఎంత ఎక్కించామని అందరూ అడుగుతారు, ఎక్కడ పెట్టామని ఎవరూ అడగరు. సరంగు ఆ బద్ద తీసుకుని ఇంటికి పట్టుకుపోయారు.

25 హార్స్‌పవర్ ప్రశ్నకు సమాధానం కూడా ఈ బద్ద మీదే దొరికింది. పెద్ద ఇంజిన్ బరువు సరిగ్గా ఆ గోడ మీదే పడుతుంది, పూర్తి వేగంలో గంటకు ఎనిమిది తొమ్మిది లీటర్లు తాగుతుంది కాబట్టి అదనపు ట్యాంకు కూడా అక్కడికే చేరుతుంది. యజమాని వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. రెండు మీటర్ల లోతులో అల గంటకు 16 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. బరువుతో ఈ బోటు 11 మాత్రమే చేస్తుంది. కాబట్టి ప్రతి అలా దాన్ని దాటిపోతుంది. అల వేగంతో పరుగెత్తగలిగితే వెనుక నుంచి ముప్పు లేదుగా అన్నారు. నిజమే, కానీ ఈ ఆకారపు బోటు నిండు బరువుతో నీటిని చీల్చుకుంటూ పోయే వేగం 12, 13 దగ్గరే ఆగిపోతుంది. దాన్ని మించాలంటే బోటు నీటి మీదకు లేవాలి, వలలూ చేపలతో అది లేవదు. ఖాళీ బోటు మీద చూసిన వేగాన్ని నిండు బోటుకు అంటగట్టకూడదు.

అదే లెక్కను పాటు వైపు నుంచి చూడమన్నాను. అలలు విరిగే భాగం ఆరు వందల మీటర్లు. గంటకు నాలుగున్నర కిలోమీటర్ల పాటుకు ఎదురు వస్తే దాన్ని దాటడానికి ఐదున్నర నిమిషాలు పడుతుంది. అదే బలంతో ఎక్కుతున్న పోటుతో కలిసి వస్తే రెండున్నర నిమిషాలు కూడా పట్టదు, అలలు కూడా చదునవుతాయి. ఏ ఇంజిన్ దుకాణంలోనూ ఈ మూడు నిమిషాలు దొరకవు.

మునిగితే తేలుతుందా అన్నది ఆఖరి పరీక్ష. కర్ర నావ నీళ్లు నిండినా తేలుతుంది, తెప్ప సంగతి సరేసరి. ఫైబర్ నీటికంటే బరువైన పదార్థం, లోపల నురుగు దిమ్మెలు లేకపోతే రాయిలా పోతుంది. రేవు పక్కన నడుము లోతు నీటిలో బోటును అంచుల దాకా నింపించాను. ముందు అట్టు కింద, అడ్డబల్లల కింద ఉన్న దిమ్మెలు దాన్ని పట్టుకున్నాయి గానీ ఇంజిన్ బరువుకు వెనుక భాగం పూర్తిగా మునిగి ముక్కు పైకి లేచింది. వెనుక రెండు మూలల్లో దిమ్మెలు అమర్చాలి.

తిథిని బట్టి వేళ

యజమాని ఒక ప్రశ్న దగ్గర గట్టిగా నిలబడ్డారు: అంతకుముందు ఆరు సార్లు మధ్యాహ్నం ఒకటిన్నర, రెండుకే వచ్చాం, ఏమీ కాలేదు కదా? ఆయన ఫోనులోని ఫొటోల తేదీలు పట్టుకుని గోడ క్యాలెండరులో తిథులు చూశాం. ఆరింటిలో ఐదు పంచమికీ దశమికీ మధ్య పడ్డాయి. పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య నాడు ఉదయం 9కి నిండే పోటు, అష్టమి వచ్చేసరికి మధ్యాహ్నం 3 దగ్గర నిండుతుంది. ఆ రోజుల్లో ఒకటిన్నర అంటే పోటు ఎక్కుతున్న వేళ. పైగా అమావాస్య, పౌర్ణములకు ఒకటిన్నర మీటర్ల దాకా ఉండే ఆటుపోట్ల తేడా, అష్టమి ప్రాంతంలో అర మీటరు చిల్లరకు తగ్గుతుంది కాబట్టి లాగుడూ తక్కువే. ఆయన ఐదుసార్లు మంచి వేళకు వచ్చారు, కానీ గడియారం చూసి వచ్చాననుకున్నారు. సరంగుకు ఇదంతా తెలుసు. ఆయన లెక్క కట్టేదే తిథితో. గడియారం ఉన్నవారి మాట నెగ్గింది.

అందుచేత ప్రయాణం లెక్కను తిరగేశాం. ముందు మొగలోకి తిరిగి వచ్చే వేళ ఖాయం చేస్తారు. అందులోంచి తిరుగు ప్రయాణం, వేట, వెళ్లే ప్రయాణం తీసేస్తే బయలుదేరే వేళ వస్తుంది. అమావాస్య, పౌర్ణములకు ఉదయం 10లోపు లోపలికి రావాలి, లేదా సాయంత్రం నాలుగున్నర తరువాత రావాలి; వాటికి అటూ ఇటూ మూడు రోజులు ఈ వేళలను కూడా పోటు వేళ జరిగినట్టే రోజుకు యాభై నిమిషాల చొప్పున జరుపుకోవాలి. ఈ మధ్యలో మొగ లేదనుకోవాలి. దానికి తగ్గట్టు ఐస్ ఎక్కువ, మంచినీళ్లు ఎక్కువ, నీడకు ఒక టార్పాలిన్.

వెళ్లే ముందు చూడాల్సినవాటిలో, హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చిన్న బోట్ల కోసం ఇచ్చే సూచన వీళ్లకు తెలియదు. అది అలల ఎత్తు ఒక్కటే కాక, అల ఎంత నిటారుగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి వస్తోంది, గాలి ఎంత త్వరగా పెరుగుతోంది అన్నవి కూడా కలిపి బోటుకు ఉన్న ప్రమాదాన్ని చెబుతుంది. అయితే అది బయటి సముద్రానికి ఇచ్చే సూచన. మొగలోని మేట సంగతి కళ్లతో చూడాల్సిందే.

సామగ్రి

లైఫ్ జాకెట్లు నాలుగు ఉన్నాయి, ముందు అట్టు కింద, తలగడలుగా. రెండింటి పట్టీలు కుళ్లిపోయాయి. వల లాగేటప్పుడు జాకెట్ అడ్డం వస్తుందని, వల దారం దానికి చిక్కుకుంటుందని కళాసీలు అంటారు. అది సాకు కాదు. రోజంతా వేసుకోమంటే ఎవరూ వేసుకోరు. నేను మూడు సందర్భాలకే పట్టుబట్టాను: మొగ దాటే రెండుసార్లూ, చీకట్లో, మెలకువగా ఒక్కరే ఉన్నప్పుడు. ఆ మూడింటిలో వేసుకుంటున్నారు.

తీరానికి కొంత దూరం పోయాక ఫోను పనిచేయదు. చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు చిన్న బోట్ల మధ్య పది కిలోమీటర్లలోపే అందుతుంది, అయినా ఆపద పిలుపులకు వాడే ఛానల్ 16 వినే మరో బోటు చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి కొనమన్నాను. ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే పరికరానికి మత్స్యశాఖ ద్వారా దరఖాస్తు పెట్టించాను. ఇవేవీ లేని రోజున కూడా పనిచేసేది ఒక కాగితం. వెళ్లే దిక్కు, ఎంతమంది, మొగలోకి వచ్చే వేళ రాసి యజమాని అక్కగారి దగ్గర ఉంచుతున్నారు. ఆ వేళ దాటి రెండు గంటలైనా కబురు లేకపోతే ఆవిడ కోస్ట్ గార్డ్ 1554కు ఫోను చేస్తారు. ఆ నంబరును ఆవిడ బియ్యం డబ్బా మూత మీద మార్కరుతో రాసుకున్నారు.

చమురు వేదికల దగ్గర చేపలు గుమిగూడతాయని అటు పోయే అలవాటు కొందరికి ఉంది. వాటి చుట్టూ 500 మీటర్ల లోపలికి పోకూడదని, రాత్రి దీపం లేకుండా ఆ దారుల్లో ఉండకూడదని మాత్రం చెప్పి ఊరుకున్నాను. వీళ్లు అంత దూరం పోవడం లేదు.

రెండో ప్రయాణం

మార్చిలో పౌర్ణమి మరునాడు, కావాలనే అదే రకం పోటు ఉన్న రోజు చూసి, వాళ్లతో నేనూ వెళ్లాను. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి, 22 కిలోమీటర్ల దగ్గర వేట ముగించి, మధ్యాహ్నం మూడు కావస్తుండగా మొగ బయటికి చేరాం. ట్యాంకు అప్పటికే మార్చి ఉంది, మర విప్పి ఉందని కుర్రాడు రెండుసార్లు తడిమి చూశాడు. ఆరు మీటర్ల లోతులో, కొత్తగా కొన్న నలభై మీటర్ల తాడుతో లంగరు వేశాం. మొగలో నురగ అటు నుంచి ఇటు దాకా తెల్లగా ఉంది.

రేవు నుంచి ఫోను వచ్చింది. బండి వెళ్లిపోతోందట. యజమాని నా వైపు చూశారు, తరువాత సరంగు వైపు చూశారు. "ఎంతసేపు బాబాయ్?" అన్నారు. సరంగు నీటి మీద ఒక కొబ్బరిమట్ట కొట్టుకొస్తుంటే దాన్ని చూపించారు. అది ఇంకా సముద్రం వైపే వస్తోంది. "అది వెనక్కి పోయినప్పుడు మనమూ పోదామండీ" అన్నారు. నాలుగుంబావుకు మట్ట నిలబడింది. పాటు మట్టం మూడుకే అడుగంటినా నది లోపలి నీరు ఇంకా కాసేపు బయటికి పారుతూనే ఉంటుంది, పట్టికలో ఉన్న వేళకూ ప్రవాహం తిరిగే వేళకూ తేడా అదే. నాలుగూ నలభైకి లంగరు తీశాం. లంగరు ముందు అట్టు మీదే, చేతికి అందేలా ఉంచాం.

పావుగంట సేపు బయట తిరుగుతూ అలల గుంపులు లెక్కపెట్టాం. పెద్దవి నాలుగైదు వరుసగా వచ్చాక కొంచెం తెరిపి వస్తోంది. ఆఖరి పెద్ద అల దాటిపోగానే సరంగు దాని వీపు వెనుకే బోటును ఉంచి, దాన్ని మించిపోకుండా, వెనుకబడకుండా నడిపారు. మధ్యలో ఒక అల వెనుక నుంచి లేచింది. గోడకు తగిలి చిమ్మింది గానీ దాటలేదు. నది సముద్రంలో కలిసేచోటి అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నీళ్లు నున్నబడేసరికి నా గడియారంలో రెండు నిమిషాల నలభై సెకన్లు. బోటులో చేరిన నీరు ఒక బొక్కెనలో సగం.

చేపలకు ఆ సాయంత్రం రేవులో దొరికిన ధర, బండివాడు ఇచ్చేదానికంటే బాగా తక్కువ. యజమాని ఆ తేడాను లెక్కకట్టి నాకు చూపించారు, నేను కాదనలేదు. మరుసటి వారం ఆయనే ఇంకో ఇద్దరు బోటు యజమానులతో మాట్లాడి, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో బండిని సాయంత్రం ఆరుకు పిలిచేలా కొనుగోలుదారుతో కుదుర్చుకున్నారు. దీన్ని నేను సూచించి ఉండాల్సింది, నాకు తట్టలేదు.

మిగిలిన పని రెండు చోట్ల ఉంది. వెనుక మూలల్లో నురుగు దిమ్మెలు, కోసిన గోడకు లోపలివైపు మరో అడ్డగోడ, ఈ రెండింటికీ బోటును ఒడ్డెక్కించాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా ఇంజిన్ బోట్లకు వేట నిషేధం కాబట్టి ఫైబర్ పనివాడితో అప్పటికి మాట్లాడుకున్నారు. అంతవరకు తిథి చూసే వెళుతున్నారు. గోడ క్యాలెండరులో అమావాస్య, పౌర్ణములకు అటూ ఇటూ మూడేసి రోజులు నల్ల పెన్నుతో చుట్టి ఉన్నాయి. పెద్ద ఇంజిన్ ఆలోచన మాత్రం ఆయన ఇంకా పూర్తిగా వదులుకోలేదు.